జిమ్ తర్వాత మందు: కండకు దెబ్బ ఏ మోతాదు దగ్గర మొదలవుతుంది?

ప్రశ్న ఇది: బరువు 70 కిలోలు, వారానికి నాలుగు రోజులు జిమ్, శనివారం సాయంత్రం లెగ్ డే, అంటే కాళ్ళ వ్యాయామాల రోజు. అది అయ్యాక అటునుంచి అటే స్నేహితులతో కూర్చుంటే మనిషికో క్వార్టర్ అవుతుంది. "వర్కవుట్ తర్వాత తాగితే కండ పెరుగుదల 37 శాతం పోతుంది" అని ఒక రీల్‌లో చూశారట. జిమ్‌లో ట్రైనరేమో "ముందు ప్రోటీన్ షేక్ తాగెయ్, ఏం కాదు" అన్నాడట. ఎవరిని నమ్మాలి?

ఇద్దరినీ పూర్తిగా నమ్మక్కర్లేదు. ఆ 37 శాతం గాల్లోంచి పుట్టిన అంకె కాదు, కానీ ఎంత తాగితే వచ్చిందో రీల్‌లో చెప్పరు. షేక్ మాట కూడా సగమే నిజం. ఇక్కడ లెక్కంతా మోతాదుది. కాబట్టి ముందు ఆ ప్రయోగం ఏమిటో చూసి, తర్వాత మీ క్వార్టర్‌ని గ్రాముల్లోకి మార్చి దాని పక్కన పెడదాం.

2014లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించిన ప్రయోగం అది. వ్యాయామం అలవాటున్న ఎనిమిది మంది మగవాళ్ళు. ఒక్కొక్కరూ విడివిడి రోజుల్లో మూడుసార్లు ఒకే వ్యాయామం చేశారు: లెగ్ ఎక్స్‌టెన్షన్ బరువుగా 8 సెట్లు, సెట్టుకు 5 రెప్స్ (ఎత్తి దించడాలు), ఆ తర్వాత అరగంట సైకిల్, ఆపైన ఊపిరాడనివ్వని చిన్న చిన్న స్ప్రింట్లు. ఒకసారి ప్రోటీన్ మాత్రమే ఇచ్చారు, వ్యాయామం అయిన వెంటనే 25 గ్రాముల వే (పాల నుంచి తీసే ప్రోటీన్), నాలుగు గంటలకు ఇంకో 25. ఇంకోసారి అదే ప్రోటీన్‌తో పాటు ఆల్కహాల్. మూడోసారి ప్రోటీన్ బదులు పిండిపదార్థం, దాంతో ఆల్కహాల్. కండరంలో కొత్త ప్రోటీన్ తయారయ్యే వేగాన్ని 2 నుంచి 8 గంటల మధ్య కొలిచారు. ప్రోటీన్ ఒక్కటే తీసుకున్నప్పటితో పోలిస్తే, ప్రోటీన్ ప్లస్ ఆల్కహాల్‌తో వేగం 24 శాతం తగ్గింది. ప్రోటీన్ లేకుండా తాగితే 37 శాతం తగ్గింది.

రీల్ చేసినవాడు ఇక్కడితో ఆపేశాడు. వాళ్ళు తాగిన మోతాదు కిలో శరీర బరువుకు 1.5 గ్రాముల ఆల్కహాల్. 70 కిలోల మనిషికి 105 గ్రాములు. మన లెక్కలో హాఫ్ బాటిల్‌కి కాస్త తక్కువ, అదీ మూడు గంటల్లో. ఇంకో విషయం, తాగిన రెండు సందర్భాల్లోనూ ఆ వేగం విశ్రాంతి స్థాయి కంటే ఎక్కువే ఉంది. అంటే ఉన్న కండ కరిగిపోలేదు, వ్యాయామం ఇవ్వాల్సిన లాభంలో కొంత చేతికి రాలేదు. పైగా అది ఒక సాయంత్రపు కొలత. నెలల తరబడి కండ చుట్టుకొలత మీద చేసిన కొలత కాదు.

ఇప్పుడు మీ గ్లాసు. సూత్రం చాలా తేలిక: మిల్లీలీటర్లను సీసా మీదున్న శాతంతో గుణించి, వందతో భాగించి, మళ్ళీ 0.79తో గుణించండి. అది గ్రాముల ఆల్కహాల్. మన విస్కీ, బ్రాందీ, రమ్ సీసాల మీద ఎక్కువగా 42.8 శాతం అని ఉంటుంది. ఆ లెక్కన 30 మి.లీ. స్మాల్ పెగ్‌లో సుమారు 10 గ్రాములు, 60 మి.లీ. లార్జ్‌లో 20, 180 మి.లీ. క్వార్టర్‌లో 61, 375 మి.లీ. హాఫ్‌లో 127. బీరు 650 మి.లీ. సీసా 5 శాతానిదైతే 26 గ్రాములు, 8 శాతం స్ట్రాంగ్ అయితే 41.

ఆ చివరి అంకె దగ్గర చాలామంది తడబడతారు. "నేను హాట్ ముట్టను, బీరే" అనేవాళ్ళు ఒక స్ట్రాంగ్ సీసా లేపితే రెండు లార్జ్‌లు వేసినట్టే. రెండు సీసాలంటే క్వార్టర్ దాటి, ఇంకో లార్జ్ కలిపినంత. ఇంట్లో కంటి కొలతతో పోసుకునే లార్జ్ కూడా సాధారణంగా 60 దగ్గర ఆగదు. ఒక్కసారి నీళ్ళతో మెజరింగ్ కప్పులో పోసి చూడండి, మీ చెయ్యి ఎంత ధారాళమో తెలుస్తుంది.

కల్లుకి ఈ లెక్క పనిచెయ్యదు. లేబుల్ ఉండదు, పొద్దున దింపినది సాయంత్రానికి పులిసి ఘాటెక్కుతూనే ఉంటుంది. దానికంటే పెద్ద సమస్య కల్తీ. డైజిపామ్, ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లు మీద తెలంగాణలో ఎక్సైజ్ కేసులు నడుస్తూనే ఉన్నాయి. అవి కండరాల పట్టు సడలించి ఊపిరిని మందగింపజేసే మందులు. చెట్టు దగ్గర మీ కళ్ళముందు దింపింది కాకపోతే, కండ గురించి ఆలోచించే ముందు ప్రాణం గురించి ఆలోచించాలి.

మళ్ళీ లెక్కకు వద్దాం. మీ క్వార్టర్ 61 గ్రాములు, 70 కిలోలకు పంచితే కిలోకు 0.87. ఈ అంకె ఎక్కడ పడుతుందో చెప్పడానికి న్యూజిలాండ్‌లో జరిగిన ఇంకో రెండు ప్రయోగాలు పనికొస్తాయి, నా దృష్టిలో జిమ్‌కి వెళ్ళేవాళ్ళకి ఆస్ట్రేలియాదానికంటే ఇవే ముఖ్యం. వాళ్ళు తొడ ముందు కండరం చేత, ఒకే కాలితో, 300 ఎక్సెంట్రిక్ రెప్స్ చేయించారు. ఎక్సెంట్రిక్ అంటే బరువును ఆపుకుంటూ దించే భాగం. స్క్వాట్‌లో కిందికి దిగడం, రొమేనియన్ డెడ్‌లిఫ్ట్‌లో బార్ దించడం, మెట్లు దిగడం, వాలులో పరుగెత్తడం అన్నీ అవే. మర్నాడు కమోడ్ మీద కూర్చోలేనంత నొప్పి తెచ్చేదీ ఆ భాగమే. ఆ తర్వాత ఆరెంజ్ జ్యూస్‌లో వోడ్కా కలిపి కిలోకు 1 గ్రాము ఆల్కహాల్ ఇచ్చారు. ఇంకోసారి రెండో కాలితో అదే పని, ఈసారి జ్యూస్ మాత్రమే. 36 గంటల తర్వాత కదలకుండా బిగించి తోసే బలం జ్యూస్ తాగినప్పుడు 12 శాతం తగ్గి ఉంటే, వోడ్కా తాగినప్పుడు 34 శాతం తగ్గి ఉంది. బరువు దించే బలం 19 బదులు 34. ఈ ప్రయోగం 2010లో వచ్చింది. తర్వాత అదే బృందం మోతాదును సగానికి, కిలోకు 0.5 గ్రాములకు తగ్గించి మళ్ళీ చేసింది. ఈసారి ఆల్కహాల్ వల్ల అదనపు నష్టం కనిపించలేదు.

అంటే 70 కిలోల మగమనిషికి 35 గ్రాముల దగ్గర పెద్దగా తేడా లేదు, 70 గ్రాముల దగ్గర గట్టి దెబ్బ ఉంది. 35 గ్రాములంటే లార్జ్, స్మాల్ కలిపి మరికాస్త. 70 అంటే క్వార్టర్ మీద ఒక స్మాల్. మీ క్వార్టర్ ఈ రెండింటి మధ్య, పై అంచుకి దగ్గరగా ఉంది. ఆ మధ్యలో దెబ్బ సరిగ్గా ఎక్కడ మొదలవుతుందో ఎవరూ గీత గీయలేదు కాబట్టి ఇక్కడి నుంచి నా అంచనా: లెగ్ డే రాత్రి క్వార్టర్ అంటే రికవరీకి నష్టమనే లెక్కేసుకోండి. రెండు లార్జ్‌ల లోపు ఆగితే, తిండీ నిద్రా సరిగ్గా ఉంటే, కండ విషయంలో మీరు గమనించేంత తేడా ఉండదు. స్పెయిన్‌లోని గ్రనాడాలో పది వారాల పాటు హై ఇంటెన్సిటీ శిక్షణ చేయించి, భోజనంతో ఒకటీ రెండూ చిన్న బీర్లు ఇచ్చినవాళ్ళలో కూడా ఫిట్‌నెస్ మెరుగుదల ఆగలేదు. ఇదంతా కండరాల సంగతి మాత్రమే. మొత్తం ఆరోగ్యానికి సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగానే చెప్పింది.

ఆడవాళ్ళకి ఈ అంకెల్ని అలాగే వాడొద్దు. ఒంట్లో నీటి శాతం తక్కువ కావడంతో అదే పెగ్గుకి రక్తంలో ఆల్కహాల్ ఎక్కువ చేరుతుంది. 55 కిలోల స్త్రీకి అదే క్వార్టర్ కిలోకు 1.1 గ్రాములు. విచిత్రమేమిటంటే, ఆడవాళ్ళ మీద చేసిన కొద్దిపాటి ప్రయోగాల్లో కండర సంకేతాల మీద, బలం తిరిగి రావడం మీద మగవాళ్ళలో కనిపించినంత దెబ్బ కనిపించలేదు. అలాగని కాలేయానికి ఆ రాయితీ లేదు.

ఇక షేక్ సంగతి. ప్రోటీన్ తాగితే ఏం కాదన్న ట్రైనర్ మాట ఎందుకు సగమే నిజమో తెలియాలంటే లోపల జరిగేది కొంచెం చూడాలి. బరువెత్తినప్పుడు కండర కణంలో ఎంటార్ అనే సంకేత వ్యవస్థ మేల్కొంటుంది. ప్రోటీన్‌లోని ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం దాన్నే ఇంకోవైపు నుంచి తడుతుంది. ఈ రెండూ కలిసి కణంలోని తయారీ యంత్రాలను నడిపిస్తాయి. ఎక్కువ ఆల్కహాల్ ఆ సంకేతాన్నే అణచివేస్తుంది. సిమెంటూ ఇటుకా దిగాయి, మేస్త్రీ మాత్రం పనిలోకి రాలేదు, అలా ఉంటుంది పరిస్థితి. షేక్ వల్ల నష్టం 37 నుంచి 24కి తగ్గింది, అది చిన్న విషయమేం కాదు, కానీ 24ని సున్నా చెయ్యలేకపోయింది. "అయితే రెండు స్కూపులు వేస్తా" అంటే లాభం లేదు, అక్కడ కొరత సరుకుది కాదు. బీసీఏఏ పొడి (ల్యూసిన్ లాంటి మూడు అమైనో ఆమ్లాల పొడి) కూడా ఇదే కోవలోకి వస్తుంది, కొనొద్దు.

బరువులెత్తాక ఈ తయారీ వేగం 24 నుంచి 48 గంటల దాకా పెరిగే ఉంటుంది. కాబట్టి "వర్కవుట్ అయిన అరగంటలో తాగకపోతే చాలు" అనే మాటకు అర్థం లేదు. కాలేయం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాముల ఆల్కహాల్‌నే వదిలించగలదు. రాత్రి 9కి మొదలుపెట్టిన క్వార్టర్ పూర్తిగా దిగేసరికి తెల్లవారుజాము 3 నుంచి 6 అవుతుంది. నిమ్మరసం, బ్లాక్ కాఫీ, చన్నీళ్ళ స్నానం ఈ వేగాన్ని రవ్వంత కూడా పెంచవు. పనిలో పని, బండి విషయం: మన చట్టంలో పరిమితి 100 మి.లీ. రక్తానికి 30 మిల్లీగ్రాములు. ఖాళీ కడుపున గబగబా వేసిన ఒక్క లార్జ్‌కే 70 కిలోల మనిషి దాన్ని దాటొచ్చు. క్వార్టర్ తర్వాత చెప్పేదే లేదు.

నిద్రకు తగిలే దెబ్బను చాలామంది లెక్కలోకే తీసుకోరు. తాగితే త్వరగా నిద్రపడుతుంది, నిజమే. తెల్లవారుజామున ఆల్కహాల్ దిగే సమయానికి మెలకువలు, చెమటలు, బాత్రూమ్‌కి పరుగులు మొదలవుతాయి. కలలొచ్చే ఆర్‌ఈఎం నిద్ర తగ్గుతుంది. గురక ఉన్నవాళ్ళకి అది ఇంకా పెరుగుతుంది. తొలి నిద్రలో రావాల్సిన గ్రోత్ హార్మోన్ విడుదల కూడా బాగా పడిపోతుంది, అయితే కండ విషయంలో దాని పాత్రను జిమ్ జనం ఊహించుకునేంత పెద్దదిగా నేను చూడను. టెస్టోస్టెరాన్ భయం కూడా అంతే. రెండు పెగ్గులతో అది పడిపోదు. మితిమీరి తాగిన మర్నాడు తగ్గుతుంది, రోజూ తాగేవాళ్ళలో తగ్గే ఉంటుంది. శనివారం రాత్రి తాగినవాడికి అసలు నష్టం హార్మోన్లలో కంటే ఆదివారంలో ఉంటుంది: పన్నెండింటికి లేవడం, టిఫిన్ ఎగ్గొట్టడం, మధ్యాహ్నం బిరియానీ ఒక్కటి, రాత్రికి ఆకలి లేదని పెరుగన్నం. వ్యాయామం తర్వాత కండకు బాగా తిండి కావాల్సిన ఆ రోజున మొత్తం ప్రోటీన్ 50 గ్రాములు దాటదు. 70 కిలోల మనిషి కండ పెంచాలంటే రోజుకు కనీసం 110 కావాలి.

మందులోకి తినేది కూడా ఇక్కడే చూసుకోవాలి. ఆల్కహాల్ గ్రాముకు 7 కేలరీలు, క్వార్టర్‌కి 425. కూల్‌డ్రింక్ కలిపితే ప్రతి 250 మి.లీ.కి ఇంకో వంద పైన. ఆల్కహాల్ స్వయంగా కొవ్వుగా మారేది చాలా తక్కువ. కాలేయం ముందు దాన్ని వదిలించుకునే పనిలో పడి, కొవ్వు కాల్చే పని పక్కన పెడుతుంది. ఆ సమయంలో లోపలికెళ్ళిన మిర్చి బజ్జీ నూనె, చికెన్ 65 నూనె నేరుగా నిల్వకు పోతాయి. పొట్టకి పేరు మందుది, సరుకు మంచింగ్‌ది. కటింగ్‌లో (కండ నిలుపుకుంటూ కొవ్వు తగ్గించే దశలో) ఉన్నవాళ్ళకి ఇది కండర సంకేతాలకంటే పెద్ద నష్టం. వేయించిన పల్లీలు ప్రోటీన్ అనుకుని తింటారు. వందగ్రాములకు 25 గ్రాముల ప్రోటీన్ ఉన్నమాట నిజమే, 560 పైచిలుకు కేలరీలూ ఉన్నాయి. గుప్పెడు దగ్గర ఆపండి. ఉడికించిన గుడ్డు ఒక్కోటి 6 గ్రాములు, తందూరీ చికెన్ ఎముకలు తీసేసి వందగ్రాములకు 25 నుంచి 30, కాల్చిన చేప 20 పైన, పనీర్ 18, ఉడికించిన శనగల గుగ్గిళ్ళు 9 దాకా. నాలుగు గుడ్లు, ఒక ప్లేటు తందూరీ చెప్పుకుంటే ఆ పూట గడిచిపోతుంది.

నీళ్ళ విషయానికొస్తే, మూత్రాన్ని ఆపి ఉంచే వాసోప్రెసిన్ హార్మోన్‌ను ఆల్కహాల్ అణిచిపెడుతుంది. చెమట పట్టాక తాగే పానీయంలో 1, 2 శాతం ఆల్కహాల్ ఉంటే పెద్ద తేడా లేదనీ, 4 శాతానికి వచ్చేసరికి మూత్రం పెరిగి రక్తంలోని నీటి భాగం కోలుకోవడం ఆలస్యమవుతుందనీ 1997లోనే చూపించారు. మన బీర్లన్నీ దాదాపు ఆ గీతకు అవతలే. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో సాయంత్రం క్రికెట్ ఆడి చల్లటి బీరుతో దాహం తీర్చుకోవడం అందుకే చెడ్డ ఆలోచన. ఆటకు ముందూ తర్వాతా బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి కిలోకు ఒకటింబావు నుంచి ఒకటిన్నర లీటరు నీళ్ళు, ఉప్పుతో కలిపి. ఉప్పేసిన పల్చటి మజ్జిగ చక్కగా సరిపోతుంది. ఓఆర్‌ఎస్ అయితే ప్యాకెట్ మొత్తం దానిమీద రాసినన్ని నీళ్ళలో (పెద్ద ప్యాకెట్‌కి లీటరు) కలపాలి, గ్లాసులో సగం సగం కాదు. మూత్రం లేత పసుపుకి వచ్చాకే మొదటి పెగ్గు.

పరుగు, సైకిల్ చేసేవాళ్ళ సమస్య వేరు. వాళ్ళకి కండరంలో గ్లైకోజెన్ (కండరం దాచుకునే పిండిపదార్థపు నిల్వ) నింపుకోవడం ముఖ్యం. ఆస్ట్రేలియాలో సైక్లిస్టుల మీద చేసిన ప్రయోగంలో, అన్నం రొట్టె లాంటి పిండిపదార్థం బదులు ఆల్కహాల్ తీసుకున్నప్పుడు గ్లైకోజెన్ బాగా తగ్గింది. తిండి పూర్తిగా తిని దానిమీద తాగితే 24 గంటల తర్వాత తేడా అంతగా కనిపించలేదు. నష్టం ఎక్కువగా తిండి మానడం వల్లేనన్నమాట. హైదరాబాద్ మారథాన్ లాంటి పరుగు అయ్యాక తాగాలనే ఉంటే ముందు కడుపునిండా అన్నం.

ఇప్పుడు ప్రమాదాల దగ్గరికి వస్తాను, వీటిని కండ లెక్కలతో కలపకూడదు. మొదటిది షుగర్ ఉన్నవాళ్ళది. వ్యాయామంతో కండరాలు రక్తంలోని చక్కెరను లాక్కుంటాయి, ఆల్కహాల్ కాలేయం కొత్త చక్కెర తయారు చెయ్యకుండా ఆపుతుంది. ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతూ, జిమ్ చేసి, సరిగ్గా తినకుండా తాగితే అర్ధరాత్రి షుగర్ పడిపోతుంది. వణుకు, చెమట, తడబాటు చూసి పక్కనున్నవాళ్ళు మత్తనుకుని పడుకోబెడతారు. అలాంటివాళ్ళు తాగకపోవడమే మేలు. తాగితే మాత్రం అన్నం తిని, పడుకునే ముందు గ్లూకోమీటర్‌తో చూసుకుని, గదిలో ఉన్నవాళ్ళకి చెప్పి పడుకోవాలి.

రెండోది ఒళ్ళు నొప్పుల మాత్రలు. లెగ్ డే నొప్పికి డైక్లోఫెనాక్, ఎసెక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వేసుకుని తాగితే కడుపులో పుండు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది, ఒంట్లో నీళ్ళు తక్కువైతే కిడ్నీల మీద భారం పడుతుంది. పారాసిటమాల్ సురక్షితం అనుకుంటారు గానీ రోజూ తాగేవాళ్ళ కాలేయానికి అదీ మంచిది కాదు. ఆ నొప్పి 24 నుంచి 72 గంటల్లో పతాకస్థాయికి వెళ్ళి దానంతటదే తగ్గుతుంది, నడక చాలు.

మూడోది అరుదు, కానీ తెలిసుండాలి. కొత్తగా చేరిన కుర్రాడు మొదటి వారంలోనే పందెం వేసి రెండొందల గుంజీళ్ళు తీసి, ఆ ఎండలో నీళ్ళు తాగక, రాత్రికి ఫుల్లుగా మందు కొడితే కండరాలు చిట్లి వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ కిడ్నీలకు చేరుతుంది. తొడలు రాయిలా వాచి, మూత్రం కోలా రంగులోకో డికాక్షన్ రంగులోకో మారితే పొద్దున్నదాకా ఆగొద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళి సీపీకే (కండరం ఎంత దెబ్బతిందో చూపే రక్తపరీక్ష) చెయ్యమనండి. మడమ బెణికినా, కండ పట్టేసి వాచినా రెండు మూడు రోజులు మందు జోలికి పోవద్దు, వాపు పెరగడంతో పాటు మత్తులో నొప్పి తెలియక దానిమీదే నడుస్తారు.

మీ శనివారానికి ఏం చెయ్యాలో ఇప్పుడు చెప్పొచ్చు. అన్నిటికంటే తేలికైన మార్పు లెగ్ డేని గురువారానికి జరపడం. పెద్ద కండరాలు, ఎక్కువ ఎక్సెంట్రిక్ పని ఉన్న రోజుకీ మందుకీ మధ్య 48 గంటలు వస్తే ఈ చర్చలో సగం అవసరం తప్పుతుంది. శనివారం చేతులో భుజాలో తేలికగా చేసుకోండి, వీలైతే పొద్దున్నే. సాయంత్రం తాగేలోపు రెండు పూటల తిండి లోపలికెళుతుంది.

జరపడం కుదరకపోతే, సాయంత్రం ఆరున్నరకు వర్కవుట్ ముగిసిందనుకోండి. ఏడు లోపు ఒక స్కూప్ వే, లేదా నాలుగు గుడ్లు, ప్రోటీన్ 25 గ్రాముల దగ్గరికి వచ్చేలా. దాంతో పాటు కప్పు అన్నమో రెండు అరటిపళ్ళో, ముప్పావు లీటరు నీళ్ళు. ఎనిమిదిన్నరకు ముందు గ్లాసు పట్టొద్దు. మీ పరిమితి 35 నుంచి 40 గ్రాములు, అంటే గంట తేడాతో రెండు లార్జ్‌లు, నీళ్ళతోనో సోడాతోనో. ఎనర్జీ డ్రింక్ కలపొద్దు, అందులోని కెఫీన్ మత్తు తెలియనివ్వదు, లెక్క తప్పుతుంది. సీసా టేబుల్ మీద పెట్టుకుంటే కూడా లెక్క తప్పుతుంది, రెండు పెగ్గులు కొలిచి మూత పెట్టి పక్కవాడికి ఇచ్చెయ్యండి. రెండోదానికి ముందు భోజనం చేసెయ్యండి, చివర్లో కాదు. చివరి గుటకకూ పడకకూ మధ్య మూడు గంటలుంటే నిద్ర చాలావరకు నిలబడుతుంది. ఆదివారం ఎంత బద్ధకంగా ఉన్నా పదింటిలోపు మూడు గుడ్లయినా తిని, మధ్యాహ్నం, రాత్రి మాంసమో చేపో పప్పూ పెరుగో చూసుకోండి. బరువులు వద్దు, అరగంట నడక చాలు. తాగిన మర్నాడు డెడ్‌లిఫ్ట్ చేసి నడుము పట్టేయించుకునేవాళ్ళు ప్రతి జిమ్‌లోనూ కనిపిస్తారు, పట్టూ బ్యాలెన్సూ అప్పటికి వెనక్కి రావు. ఇంకా తాగి జిమ్‌కి రావడం గురించి మాట్లాడనే అక్కర్లేదు.

నెలకో రెండు నెలలకో పెళ్ళిలో ఎక్కువైతే, ఆ వారం ఒక సెషన్ పోయిందనుకుని వదిలెయ్యండి. వారం వారం క్వార్టర్ అయితే నాలుగు సెషన్లలో ఒకదాని ఫలితం ఎప్పుడూ కోతపడుతూనే ఉంటుంది. రోజూ అయితే అసలు కథే మారుతుంది. ఏళ్ళ తరబడి ఎక్కువగా తాగేవాళ్ళలో వేగంగా, బలంగా పనిచేసే టైప్ 2 కండర తంతువులు సన్నబడతాయి. తొడలు, తుంటి ముందు పోతాయి. చెయ్యి ఆనించకుండా కుర్చీలోంచి లేవలేకపోవడం దాని తొలి గుర్తుల్లో ఒకటి. మానితే చాలామందిలో నెలల్లో బాగుపడుతుంది. కానీ రోజూ తాగుతూ, ఒక పూట మానితే చేతులు వణికేవాళ్ళు జిమ్ కోసమని ఒక్కసారిగా ఆపెయ్యకూడదు, ఫిట్స్ రావచ్చు. డాక్టర్ దగ్గర మందులు పెట్టించుకుని మానాలి.

జిమ్ కౌంటర్‌లో అమ్మే "లివర్ డిటాక్స్" గుళికలకు డబ్బు పెట్టొద్దు. ఎవరో చేతిలో పెట్టే స్టెరాయిడ్ మాత్రలు, ముఖ్యంగా నోటితో వేసుకునేవి, మందుతో కలిస్తే కాలేయానికి రెండు పక్కల నుంచీ పోటు.

కాలేయం మాట వచ్చింది కాబట్టి రక్తపరీక్ష గురించి ఒకటి చెప్పాలి, డాక్టర్ దగ్గర కూడా ఇది తరచూ తికమక అవుతుంది. లివర్ టెస్టులో చూసే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే ఎంజైములు కాలేయంలోనే కాదు, కండరంలోనూ ఉంటాయి. గట్టి లెగ్ డే తర్వాత వారం దాకా రెండూ పెరిగి కనిపించవచ్చు, ఒక్క చుక్క తాగకపోయినా. తాగే అలవాటుందని చెబితే అంతా మందు మీదకి నెట్టేస్తారు, లేదా జిమ్ వల్లేలే అని మీరే సర్దిచెప్పుకుంటారు. తేల్చుకోవాలంటే పదిరోజులు బరువులూ మందూ రెండూ ఆపి పరీక్ష చేయించుకోండి, దాంతో పాటు జీజీటీ (కండరంలో దాదాపు ఉండని కాలేయ ఎంజైము), సీపీకే కూడా అడగండి. సీపీకే ఎక్కువగా ఉండి జీజీటీ మామూలుగా ఉంటే వేలు కండరం వైపు చూపిస్తుంది. జీజీటీ పెరిగి, ఎస్‌జీఓటీ ఎస్‌జీపీటీకి రెట్టింపు దాటి ఉంటే అది స్క్వాట్ల పని కాదు, రిపోర్టు పట్టుకుని గ్యాస్ట్రో డాక్టర్‌ని కలవండి.